నాన్నకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందన్నారా? డేకేర్‌లో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

బెంగళూరులో ఒక క్యాన్సర్ ఆస్పత్రి డేకేర్‌లో, అంటే మందు ఎక్కించుకుని అదే రోజు ఇంటికెళ్లే వార్డులో, నర్సుగా పనిచేస్తున్నాను, సెలైన్ స్టాండ్ల మధ్యే 14 ఏళ్లు గడిచాయి. హిందూపురం, అనంతపురం, మదనపల్లె నుంచి తెల్లవారుజామున బస్సో రైలో పట్టుకుని వచ్చేవాళ్లు మాకు ఎక్కువ. బాగేపల్లి, చింతామణి పెద్దలూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు, అందుకని కన్నడ సరిగా రాని పెద్దాయన ఎవరొచ్చినా "ఆ తెలుగు సిస్టర్‌ను పిలవండి" అంటారు. ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ ముదిరిన తండ్రుల వెంట వచ్చే కొడుకులు, కూతుళ్లు అనే మాటలు దాదాపు ఒకటే. డోసులూ మార్పులూ మీ డాక్టరు చెప్పాలి. ఇవి మాత్రం నేను చెప్పగలిగినవి.

అపోహ: "మా నాయనకు చెప్పొద్దు సిస్టర్, తెలిస్తే అక్కడే కూలిపోతాడు."

ఎక్కువగా వినేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదేనని నాకనిపిస్తుంది. కొడుకు ఈ మాట నా చెవిలో చెప్పి బిల్లు కట్టడానికి వెళ్తాడు, వాడు అటు వెళ్లగానే తండ్రి నన్ను పిలిచి "ఇది క్యాన్సరే కదమ్మా, నాకు తెలుసని పిల్లోళ్లకు చెప్పొద్దు, భయపడతారు" అంటాడు. గేటు దగ్గరే పెద్దక్షరాలతో క్యాన్సర్ అని రాసున్న ఆస్పత్రిలోకి ఆయన నడిచొచ్చాడు, పక్క కుర్చీలో ఉన్నాయనతో గంటసేపు మాట్లాడాడు, ఇంకా తెలియకుండా ఎలా ఉంటుంది? జబ్బు పేరు ఆయనకు తెలుసు. తెలియనిదల్లా ఏ నొప్పిని ఓర్చుకోవచ్చు, దేన్ని వెంటనే చెప్పాలి అన్నదే. "మూత్రం సమస్యకు మందు" అని చెప్పి తీసుకొచ్చిన ఒకాయనకు కాళ్లు తిమ్మిరెక్కడం మొదలైతే, మూత్రానికీ కాళ్లకూ సంబంధమేముందిలే అనుకుని మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ మూడు రోజుల ఖరీదు ఏంటో కింద రాస్తాను.

చెప్పడమంటే రిపోర్టు చదివి వినిపించడం కాదు. "నాన్నా, డాక్టరు చెప్పేవన్నీ నువ్వే వింటావా, మమ్మల్ని వినమంటావా?" అని అడిగితే చాలు. కొందరు "అన్నీ పెద్దోడితో మాట్లాడండి" అంటారు, అదీ సరే, అది ఆయన తీసుకున్న నిర్ణయం.

అపోహ: "నాలుగో స్టేజ్ అంటే ఇంక చేసేదేం లేదు."

పూర్తిగా నయం చేయడం చాలామందిలో కుదరదు, నిజమే. అదుపులో పెట్టడం మాత్రం కుదురుతుంది, చాలామందికి అది ఏళ్ల లెక్కలో ఉంటుంది. ఈ క్యాన్సర్‌కు మేత టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్. దాన్ని తగ్గిస్తే జబ్బు వెనక్కి తగ్గుతుందని చార్లెస్ హగ్గిన్స్ అనే సర్జన్ 1941లో చూపించాడు, 1966లో నోబెల్ వచ్చింది. ఈనాటికీ వైద్యానికి పునాది అదే. దానిమీద అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్ లాంటి మాత్రలో, డోసిటాక్సెల్ కీమోనో, రెండూనో కలుపుతారు. ఎన్నాళ్లు పనిచేస్తుందని ముందే ఎవరూ మాట ఇవ్వలేరు. వీల్‌చెయిర్‌లో వచ్చి, నాలుగు నెలల తర్వాత చెనక్కాయ పొలం చూసుకుని మరీ ఇంజెక్షన్‌కు వచ్చినవాళ్లను చూశాను, మందుకు లొంగనివాళ్లనూ చూశాను.

"ప్రోస్టేట్‌తో పాటు బోన్ క్యాన్సర్ కూడా వచ్చింది, రెండు క్యాన్సర్లు" అని కూడా అంటుంటారు. రెండు కాదు. ఎముకలోకి వెళ్లినా అది ప్రోస్టేట్ క్యాన్సరే, అందుకే మందూ దానికే ఇస్తారు.

అపోహ: "వృషణాలు తీసేసే ఆపరేషన్ పాతకాలం వైద్యం, ఇంజెక్షనే మంచిది."

రెండూ చేసే పని ఒకటే, టెస్టోస్టెరాన్‌ను దించడం. ఆపరేషన్ ఒక్కసారితో అయిపోతుంది, చిన్నది, ఖర్చు తక్కువ, కానీ వెనక్కి తీసుకోలేం. ఇంజెక్షన్ నెలకో, 3 నెలలకో, 6 నెలలకో పడాలి, ఊరి నుంచి రావాలి, తేదీ తప్పకూడదు. కొన్ని రకాల ఇంజెక్షన్లు మొదట్లో కొన్ని రోజులు హార్మోన్‌ను పెంచి తర్వాత దించుతాయి, అందుకే ముందుగా కొన్నాళ్లు వేరే మాత్ర రాస్తారు. "ఇంజెక్షన్ వేశారుగా, మాత్రెందుకు" అని దాన్ని మానేయొద్దు. డబ్బు లేదని ఆపరేషన్‌కు ఒప్పుకుంటే నాన్నకు తక్కువ వైద్యం చేయించినట్టు బాధపడే కొడుకులున్నారు. ఆ బాధ అక్కర్లేదు.

ఏ దారిలో వెళ్లినా ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు, కోరిక పోవడం, కండ తగ్గి పొట్ట రావడం, ఎముకలు పలచబడటం, ఊరికే కళ్లల్లో నీళ్లు రావడం మామూలే. ఇది ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు. భర్త దూరమైపోయాడని అమ్మ అనుకుంటుంది, చేతకానివాణ్ణయ్యానని ఆయన అనుకుంటాడు, పిల్లలు అడగలేరు. మీరు అడగలేకపోతే మాకు చెప్పండి, మేం అడుగుతాం, మాకు సిగ్గు ఎప్పుడో పోయింది.

అపోహ: "మాత్ర ఏదైనా తిన్నాకే వేసుకోవాలి."

మన అమ్మలందరి నియమం ఇది, అబిరాటెరోన్ దగ్గర మాత్రం తిరగబడుతుంది. మామూలు డోసులో దాన్ని పరగడుపున వేసుకోవాలి, తిన్నాక కనీసం 2 గంటలు, వేసుకున్నాక కనీసం 1 గంట ఖాళీ ఉండాలి. అన్నంతో, అందులోనూ నెయ్యి, నూనె ఎక్కువున్న తిండితో వేసుకుంటే ఒంట్లోకి ఎన్నో రెట్లు ఎక్కువ ఎక్కుతుంది. (కొందరు డాక్టర్లు కావాలనే తక్కువ డోసు టిఫిన్‌తో రాస్తారు, మీ చీటీలో అలా ఉంటే అదే పాటించండి, సొంతంగా మార్చొద్దు.) దాంతోపాటు ఇచ్చే ప్రెడ్నిసోలోన్ మాత్రం తిన్నాకే. పొద్దున లేవగానే పెద్ద మాత్రలు, గంట ఆగి టిఫిన్, తర్వాత చిన్న మాత్ర, ఇలా కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఆ చిన్న మాత్ర స్టెరాయిడ్ అని ఎవరో బంధువు చెప్పగానే మానిపించేవాళ్లుంటారు. అబిరాటెరోన్ వల్ల బీపీ పెరిగి పొటాషియం పడిపోకుండా అది కాపలా కాస్తుంది, ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే మంచిది.

అపోహ: "నడుం నొప్పి వయసుది, కాళ్ల బలహీనత కీమోది."

వెన్నెముకకు పాకిన మనిషిలో కొత్తగా వచ్చిన నడుం నొప్పి, కాళ్లలో పట్టు తగ్గడం, నడుము కింద తిమ్మిరి, మూత్రం లేదా విరేచనం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు, రాత్రయినా సరే, అత్యవసర విభాగానికి తీసుకురండి. గడ్డ వెన్నుపామును నొక్కుతూ ఉండొచ్చు. ఎంఆర్‌ఐ తీసి స్టెరాయిడ్, రేడియేషన్ లేదా ఆపరేషన్ గంటల్లో మొదలుపెట్టాలి. నడుస్తూ వచ్చినవాళ్లు చాలావరకు నడుస్తూనే ఉంటారు, కాళ్లు పూర్తిగా పడిపోయాక వస్తే తిరిగి నడిపించడం చాలా కష్టం. నేను పైన చెప్పిన పెద్దాయన మూడు రోజులు ఆగి వచ్చాడు. మళ్లీ లేచి నిలబడలేదు. సోమవారం ఓపీ ఉందని ఆగొద్దు, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ అనీ ఆగొద్దు.

కీమో పడుతున్నప్పుడు 100.4 డిగ్రీలు దాటిన జ్వరం కూడా ఇంతే. డోలో వేసి పడుకోబెడితే జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంటుంది. ఫోన్ చేసి బయల్దేరండి.

అపోహ: "మార్ఫిన్ ఇచ్చారంటే ఆఖరు, పైగా అలవాటవుతుంది."

నొప్పికి డాక్టరు లెక్క ప్రకారం ఇచ్చే మార్ఫిన్‌తో వ్యసనం రావడం అరుదు, దానివల్ల చావు ముందుకు రాదు. నొప్పి తగ్గితే మనిషి నిద్రపోతాడు, తింటాడు, లేచి నడుస్తాడు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, కాబట్టి మొదటి రోజు నుంచే విరేచనం మందు వాడాలి, చాలా ఇళ్లలో మార్ఫిన్ మీద కోపమంతా నిజానికి ఈ మలబద్ధకం మీద కోపమే. ఒక్కచోట ఎముక నొప్పి ఎక్కువుంటే ఒకే ఒక్క రోజు రేడియేషన్ కూడా బాగా పనిచేస్తుంది, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టొచ్చు.

ఇంక చిన్నవి. "పీఎస్ఏ (ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష) తగ్గింది కాబట్టి అంతా బాగుంది" అనేది అన్నిసార్లూ నిజం కాదు, నొప్పి పెరుగుతుంటే స్కాన్ అడగండి. పక్క ఊరాయన పీఎస్ఏతో మీ నాన్నది పోల్చొద్దు. బయాప్సీ సూది వల్ల క్యాన్సర్ పాకలేదు, నిజంగా. ఎముకలకు బలమిచ్చే జోలెండ్రోనిక్ యాసిడ్ లేదా డెనోసుమాబ్ మొదలుపెట్టే ముందు పళ్ల డాక్టరుకు చూపించండి, మొదలయ్యాక పన్ను పీకిస్తే దవడ ఎముక దెబ్బతినొచ్చు. మంచం మీద కూర్చోబెట్టి అన్నీ అందించడం ప్రేమే కానీ, హార్మోన్ వైద్యంలో కండ కరిగిపోతుంది, డాక్టరు వద్దంటే తప్ప రోజూ నడిపించండి. రాగి సంగటి, పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ తినొచ్చు.

నాటు మందు సంగతి అడిగితే నేను కోప్పడను, దాచకుండా చెప్పమంటాను. "చెట్టు మందు కదా, హాని ఏముంది" అనేవాళ్లకు ఒక సంగతి. అమెరికాలో పీసీ-స్పెస్ అని మూలికల మందు ప్రోస్టేట్ క్యాన్సర్‌కు అమ్మారు, పీఎస్ఏ కూడా తగ్గేది. పరీక్ష చేస్తే అందులో రక్తం పలచబరిచే వార్ఫరిన్, ఒక కృత్రిమ ఆడ హార్మోన్ బయటపడ్డాయి, 2002లో వెనక్కి తీసుకున్నారు.

చివరిగా, "ఇది నాన్న జబ్బు, మాకేం సంబంధం" అనే కొడుకులకు. తండ్రికో అన్నదమ్ములకో ఉంటే మీకు వచ్చే అవకాశం సుమారు రెండింతలు. ఇలా పాకిన క్యాన్సర్‌లో బీఆర్‌సీఏ2 లాంటి జన్యువుల పరీక్ష చేయించమంటారు, తేడా ఉంటే నాన్నకు ఒలాపరిబ్ లాంటి మందు పనికొచ్చే దారి ఉంటుంది, అది కూతుళ్లకు రొమ్ము, అండాశయ క్యాన్సర్ విషయంలోనూ ముఖ్యం. 45 దాటారా, పీఎస్ఏ గురించి మీ డాక్టరుతో మాట్లాడండి. నాన్న సెలైన్ అయ్యేదాకా ఎలాగూ మూడు గంటలు బయట బెంచీ మీద ఫోన్ చూస్తూ కూర్చుంటారు కదా, ఓపీ పక్కనే.