ఓసీడీ: చాదస్తం కాదు, చికిత్స ఉన్న జబ్బు

అపోహ: ఓసీడీ అంటే అతిశుభ్రం.
వాస్తవం: ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అంటే వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచనలు, వాటివల్ల కలిగే కంగారు తగ్గడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయడం. చేతులు కడగడం, తాళం లాగి చూడడం బయటికి కనిపిస్తాయి కాబట్టి అందరికీ అవే తెలుసు. మనసులోనే లెక్కపెట్టేవాళ్లు, జరిగినదాన్ని వందసార్లు తలచుకుని సరిచూసుకునేవాళ్లు, చెడు ఆలోచనకు విరుగుడుగా ఒక మాటను పదేపదే అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. పక్కన కూర్చున్నవారికి కూడా తెలియదు. నీట్‌గా సర్దుకుంటే హాయిగా ఉందనేవారికి ఉన్నది అలవాటే. రోజుకు గంటకు పైగా ఇలాంటి ఆలోచనలకూ పనులకూ పోతున్నా, చదువో ఉద్యోగమో దెబ్బతింటున్నా డాక్టర్‌ను కలవాలి.

అపోహ: చెడు ఆలోచన వచ్చిందంటే మనసులో ఆ కోరిక ఉన్నట్టే.
వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. దీనివల్లే ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోరు. పసిబిడ్డను ఎత్తుకున్న తల్లికి ‘కింద పడేస్తేనో?’ అని తటాలున అనిపిస్తుంది. ఇలాంటివి ఏ జబ్బూ లేనివారికీ వస్తాయని రాచ్‌మన్, డి సిల్వా అనే సైకాలజిస్టులు 1978లోనే చూపించారు. చాలామంది ‘ఛీ, ఇదేం ఆలోచన’ అనుకుని వదిలేస్తారు. ఓసీడీ ఉన్న తల్లి వణికిపోతుంది, బిడ్డను ఎత్తుకోవడమే మానేస్తుంది. ఆ భయం కోరికకు పూర్తిగా వ్యతిరేకం. ఒక్క విషయం మాత్రం వేరుగా చూడాలి: ప్రసవం తర్వాత ఎవరో ఆజ్ఞాపిస్తున్నట్టు మాటలు వినిపిస్తున్నా, బిడ్డ గురించి వింత నమ్మకాలు మొదలైనా అది ఎమర్జెన్సీ. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అపోహ: ‘ఏం కాదులే’ అని ధైర్యం చెబుతూ ఉంటే తగ్గిపోతుంది.
వాస్తవం: ‘‘అమ్మా, గ్యాస్ కట్టేశానా?’’ ‘‘కట్టేశావు నాన్నా.’’ ఐదు నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న. జవాబు విన్న క్షణం మనసు తేలికపడుతుంది, అందుకే మళ్లీ అడగాలనిపిస్తుంది. ప్రేమతో చెప్పిన జవాబే జబ్బుకు మేత అవుతుంది. అలాగని ఒక్కసారిగా మొహం తిప్పుకోకండి, కసురుకోకండి. థెరపిస్టుతో, ఆ మనిషితో కలిసి ముందే అనుకుని మెల్లమెల్లగా తగ్గించాలి. ‘‘నీకు టెన్షన్‌గా ఉందని తెలుస్తోంది రా. జవాబు చెప్పను గానీ, తగ్గేదాకా నీ పక్కనే కూర్చుంటాను’’ అనొచ్చు.

అపోహ: మనసు గట్టిగా పెట్టుకుంటే చాలు.
వాస్తవం: ఆలోచనను బలవంతంగా తోసేస్తే అది ఇంకా ఎక్కువగా వస్తుంది. బాగా పనిచేసేది ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అనే థెరపీ, అంటే భయపడేదాన్ని ఎదుర్కొంటూ అలవాటైన పనిని చేయకుండా ఆగడం. దీనికి 1966లో సైకాలజిస్టు విక్టర్ మేయర్ చేసిన చికిత్సతో పునాది పడింది. తలుపు గడియ ముట్టుకుని చేతులు కడగకుండా ఆగడం లాంటి చిన్న మెట్టుతో మొదలుపెడతాం. గుండె దడదడలాడుతుంది. కడగకపోయినా ఆ దడను తట్టుకోగలనని మనిషికి అనుభవంలో తెలుస్తుంది. తర్వాతే పై మెట్టు.

అపోహ: మందులు మొదలుపెడితే వాటికి బానిసలవుతాం.
వాస్తవం: ఓసీడీకి ఇచ్చే ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటివి మత్తుమందులు కావు. ఓసీడీకి తరచూ డిప్రెషన్‌కు ఇచ్చేదానికన్నా ఎక్కువ డోసు కావాలి, 8 నుంచి 12 వారాలు ఆగి చూడాలి. నెలకే ‘పనిచేయలేదు’ అని ఆపేసేవారూ ఉంటారు. తగ్గాక కూడా సాధారణంగా కనీసం ఏడాది వాడమంటాం. ఆపేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు డోసు కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.