ఎంత ఉప్పు అని కాదు, ఏ ఉప్పు అని అడగాలి

నల్గొండ జిల్లాలో నీళ్ల సంగతి తెలిసినవాళ్లెవరూ టీడీఎస్ మీటరు ఒక్కటే చూసి ధైర్యపడరు. లవణాలు మొత్తం ఎంతున్నాయో అది చెబుతుంది గానీ, ఏమున్నాయో చెప్పదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో విడిగా పరీక్ష చేయించాల్సిందే. మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో వంగిపోయిన నడుములే అందుకు సాక్ష్యం. కణం పొరల్లోని ఎంజైముల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. అయినా ప్రాక్టికల్ రికార్డుల్లో ‘0.1 మోలార్ ఉప్పు’ అని గాఢత మాత్రమే రాసి వదిలేసేవాళ్లు ఇంకా ఉన్నారు. అది ఎందుకు చాలదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1888లో ప్రాగ్‌లో ఫ్రాంజ్ హాఫ్‌మైస్టర్ కోడిగుడ్డు తెల్లసొన ప్రోటీన్‌లో రకరకాల లవణాలు కలిపి చూశాడు. సల్ఫేట్ కొంచెం వేసినా ప్రోటీన్ అడుగుకు దిగింది, క్లోరైడ్ చాలా ఎక్కువ కావాల్సి వచ్చింది. ఆ వరుసకు అవతలి కొసన అయొడైడ్, పెర్‌క్లోరేట్, థయోసయనేట్ ఉంటాయి. ఇవి ప్రోటీన్ల పట్టు సడలిస్తాయి.

తర్వాతి మలుపులో మన తెలుగువాడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, జీవరసాయన శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫేట్‌ను నీలం రంగుతో కొలిచే పద్ధతి ఇచ్చారు. 1929లో వాళ్లిద్దరూ కండరంలో ఏటీపీని, అంటే కణాలకు శక్తినిచ్చే ఫాస్ఫేట్ అణువును గుర్తించారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది కనిపెట్టాడు. ఏటీపీ విడిపోతే ఫాస్ఫేట్ బయటికొస్తుంది కాబట్టి, దాన్ని విడగొట్టే ఎంజైము పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఆ నీలం రంగు పద్ధతి ఇప్పటికీ వాడుతున్నారు.

1960లో జీవరసాయన శాస్త్రవేత్త రాకర్ బృందం ఎద్దు గుండె మైటోకాండ్రియా నుంచి ఏటీపీని విడగొట్టే ఎఫ్1 అనే ఎంజైమును విడదీసింది. గది వేడిలో హాయిగా పనిచేసే ఆ ఎంజైము ఐసులో పెడితే చచ్చిపోయేది! చల్లదనంలో దాని ముక్కలు విడిపోతాయి, లవణం తోడైతే ఇంకా త్వరగా. ఏ ఎంజైమునైనా ఐసులో పెట్టడమే క్షేమం అనుకునే పిల్లలకు ముందు చెప్పాల్సింది ఇదే.

1969లో హటెఫీ, హాన్‌స్టీన్ అనే పరిశోధకులు పెర్‌క్లోరేట్ లాంటి లవణాలతో పొరల నుంచి ప్రోటీన్లను ఊడదీయవచ్చని చూపించారు. నీటి అమరిక చెదిరి, ప్రోటీన్ల నూనె స్వభావపు భాగాలు నీళ్లలో ఇమిడిపోతాయన్నది వాళ్ల వివరణ. ఇప్పుడు అయాన్లు నేరుగా ప్రోటీన్ ఉపరితలాన్ని తాకే తీరుకూ అంతే ప్రాధాన్యం ఇస్తున్నారు.

నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగాలు 1980ల నాటివి, పాలకూర ఆకు మీద చేసినవి. కాంతిలో నీటిని చీల్చి ఆక్సిజన్ ఇచ్చే ఫొటోసిస్టమ్-2ను ఒక మోలార్ సోడియం క్లోరైడ్‌తో కడిగితే బయటివైపు అంటుకున్న మూడు ప్రోటీన్లలో రెండే ఊడాయి. ఒక మోలార్ కాల్షియం క్లోరైడ్‌తో కడిగితే మూడూ ఊడాయి, నీటిని చీల్చే పనికి కీలకమైన మాంగనీసు మాత్రం కదల్లేదు. మోలారిటీ ఒకటే, ఫలితం వేరు. అలాగని లవణం తగ్గిస్తే క్షేమమనీ కాదు. మెగ్నీషియం లాగేసిన పలచని ద్రావణంలో క్లోరోప్లాస్టులో ఏటీపీని తయారుచేసే ఏటీపేజ్ ఎంజైము తల భాగం పొర నుంచి విడిపోతుంది, మెగ్నీషియం తిరిగి ఇస్తే మళ్లీ అతుక్కుంటుంది.

చవుడు నేలలో మొక్క సోడియాన్ని వాక్యూల్ అనే కణంలోని నీటి సంచిలోకి నెట్టడానికి కావాల్సిన శక్తిని అందించేవాటిలో ఏటీపీతో నడిచే ఒక ప్రోటాన్ పంపు (హైడ్రోజన్ అయాన్లను తోసే ఎంజైము) ఉంది. పరీక్షనాళికలో నైట్రేట్ దాన్ని రెండుగా విడగొడుతుంది, అదీ ఏటీపీ ఉన్నప్పుడు మరింత తేలిగ్గా. అందుకే లవణం పేరు, మోలారిటీ, ఉష్ణోగ్రత, ఏటీపీ ముందు కలిపారా తర్వాతా అన్నది రాయకపోతే ఆ రీడింగును ఇంకొకరు మళ్లీ రాబట్టలేరు.