దర్వాజను తినేది ఏ చెద?

నల్లగొండ, పాలమూరు ఊళ్లలో దర్వాజ చౌకట్టు పక్కన సన్నటి మట్టి గీత కనిపించగానే కిరోసిన్ పోసి తుడిచేస్తారు. కొన్నాళ్లకే మట్టి మళ్లీ లేస్తుంది. తుడిచింది చెదలు నడిచే దారిని మాత్రమే. పుట్ట నేలలోనే ఉంటుంది. అందుకే మందు కొట్టే ముందు వచ్చినది ఏ చెదో చూడాలి.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఒడోంటోటెర్మిస్. చెల్కల్లో నిలువెత్తు పుట్టలు పెట్టేవి వీటిలోనివే. దీని ఒంట్లో తేమ త్వరగా ఆరిపోతుంది కాబట్టి చెక్క మీద మట్టి పూసుకుని, ఆ చాటున తింటుంది. తిన్న చెక్క పూర్తిగా అరగదు. పుట్టలో తన మలంతోనే గడ్డలు కట్టి, వాటి మీద టెర్మిటోమైసిస్ అనే బూజును పెంచుతుంది. చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే మొండి పదార్థాన్ని బూజు విడగొడితే, మెత్తబడిన ఆ గడ్డను చెదలు మళ్లీ తింటాయి. వానలకు పుట్టల మీద మొలిచే, మనం ఇష్టంగా వండుకునే పుట్టగొడుగులు ఈ బూజువే. ఈ సేద్యం దాదాపు 3 కోట్ల ఏళ్లుగా సాగుతోందంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

కోప్టోటెర్మిస్, హెటెరోటెర్మిస్ కూడా నేల నుంచే వస్తాయి. కానీ ఇవి చెక్క లోపలికి దూరి గుల్ల చేస్తాయి. పైన పెయింట్ బాగానే ఉంటుంది, వేలితో కొడితే డొల్ల చప్పుడు వస్తుంది. నా లెక్కలో ఇవే ఎక్కువ ప్రమాదం, నష్టం జరిగాక గానీ బయటపడవు. వీటికి బూజు అక్కర్లేదు, కడుపులోని ఏకకణ జీవులే చెక్కను అరిగిస్తాయి. కోప్టోటెర్మిస్ సిపాయిని, అంటే గుంపుకు కాపలా కాసే చెదను, కదిపితే నుదుటి మీది రంధ్రం నుంచి తెల్లటి జిగురు వదులుతుంది.

క్రిప్టోటెర్మిస్‌కు నేలతో పనే లేదు, చెక్కలోనే కాపురం. సముద్రతీరాల్లో ఎక్కువ, మనకు పాత ఫర్నిచర్‌తో రావచ్చు. మట్టి గీతలు ఉండవు. మంచం కింద గసగసాల్లాంటి గింజలు రాలుతుంటే, భూతద్దంలో వాటికి ఆరు పలకలు కనిపిస్తే ఇదే.

తొలకరి రాత్రుల్లో లైట్ల చుట్టూ ముసిరే ఉసిళ్లు రెక్కలొచ్చిన చెదలే. అవి బయటి నుంచి వస్తే టెన్షన్ అక్కర్లేదు. గోడ పగులులోంచో గడప కిందినుంచో వస్తే మాత్రం చెదలు ఇంట్లోనే ఉన్నట్టు.

నేల చెదలైతే చౌకట్టుకు పూసి ఊరుకోకుండా, గోడ వెంబడి నేలలోకి మందు దింపించాలి. క్రిప్టోటెర్మిస్ అయితే ఆ చెక్కకే వైద్యం. కొత్త ఇల్లు కట్టేవాళ్లు పునాది దశలోనే మందు కొట్టించాలి, దానికి ఐఎస్ 6313 అనే భారత ప్రమాణం ఉంది. టేకు కొనేటప్పుడు చేవ, అంటే నడిమి గట్టి చెక్క, చూసుకోవాలి, అంచున ఉండే తెల్లచెక్కను చెదలు ముందు పడతాయి. సెంట్రింగ్ చెక్కముక్కలను బేస్‌మెంట్ మట్టిలో పూడ్చనివ్వకండి.