బర్మా టేకు: పేరొక్కటే చాలదు

హైదరాబాద్‌లో గుమ్మాలు, తలుపులు చేయించుకునేవారి మొదటి ప్రశ్న: 'బర్మా టేకా, (మహారాష్ట్ర) బల్లార్షా టేకా?' డిపోలో అయితే దుంగ కొనకోతలో చేవ (నడిమి గట్టి చెక్క) ఎంతో, చుట్టూ తెల్లచెక్క (మెత్తని పైచెక్క) ఎంతో చూసి ఘనపుటడుగు ధర మాట్లాడుకోవచ్చు. ఫోన్‌లో కొంటే కనబడేవి ఒక ఫొటో, ఒక పేరు మాత్రమే.

బర్మా టేకుకు ఆ పేరు ఊరికే రాలేదు. ఓడల కోసం మలబారు టేకు తరిగిపోయి 1840లలో కేరళలోని నిలంబూరులో బ్రిటిష్‌వారు తోటలు వేయాల్సి వచ్చింది. ఆ అనుభవం తర్వాత, 1856 నుంచి బర్మాలో పనిచేసిన జర్మన్ అటవీ నిపుణుడు డీట్రిష్ బ్రాండిస్ అడవికి లెక్క కట్టాడు. నిర్ణీత లావు దాటిన చెట్లనే ఎంచాలి, మిగతావి పెరగనివ్వాలి. కాలక్రమంలో ఈ పద్ధతి ఒకచోట కొట్టాక మళ్లీ 30 ఏళ్లకే అక్కడికి రావాలన్న నియమంగా స్థిరపడింది. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది. అందుకే చెట్టు మొదలు దగ్గర చేవ తగిలేదాకా చుట్టూ నరికి, చెట్టును రెండు మూడేళ్లు నిలువునా ఎండనిచ్చి, తర్వాత పడగొట్టి ఏటిలో తేల్చేవారు. సైనిక పాలనలో ఆ లెక్క తప్పింది, నరుకుడు మితిమీరింది. 2014 ఏప్రిల్ 1న మయన్మార్ (పాత పేరు బర్మా) దుంగల ఎగుమతి ఆపేసింది. 2021 సైనిక తిరుగుబాటు తర్వాత అక్కడి ప్రభుత్వ కలప సంస్థపై అమెరికా, ఐరోపా ఆంక్షలు పెట్టాయి.

మన దగ్గర 1996 డిసెంబరు 12న అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు అడవుల్లో నరుకుడును గట్టిగా కట్టడి చేసింది. ఆ తర్వాత దిగుమతుల మీద ఆధారం పెరిగింది. ఘనా, ఈక్వెడార్ వంటి దేశాల తోటల టేకు వస్తోంది. అది చెడ్డ కలపేమీ కాదు. లేత చెట్లు కాబట్టి చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. తెల్లచెక్కకు చెద త్వరగా పడుతుంది. దాన్ని బర్మా పేరుతో అమ్మడమే తప్పు.

1980లలో పడమటి దేశాలు ఉష్ణమండల కలపను బహిష్కరించాలని చూశాయి. కలపకు ధర లేకపోతే అడవిని కొట్టేసి పొలం చేస్తారన్న భయం ఎదురైంది. మంచి కోతను గుర్తించి ముద్ర వేద్దామన్న ఆలోచన నుంచి 1993లో ఎఫ్‌ఎస్‌సీ (ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) అనే అంతర్జాతీయ సంస్థ పుట్టింది. ఇందులో అసలు బలం గొలుసుది: అడవి, కోతమిల్లు, వ్యాపారి, తయారీదారు, ఒక్కొక్కరికీ సర్టిఫికెట్ ఉండాలి. మధ్యలో ఒక్కరికి లేకపోయినా ఆ తర్వాత వచ్చే సరుకును ఎఫ్‌ఎస్‌సీ సరుకని అమ్మకూడదు. గోడకు తగిలించిన సర్టిఫికెట్ చాలదు, బిల్లులో ఆ వస్తువు ఎదురుగానే ఎఫ్‌ఎస్‌సీ 100% (అంతా సర్టిఫికెట్ ఉన్న అడవిదే) అనో, మిక్స్ (వేరేదీ కలిసినది) అనో రాసి ఉండాలి.

ఆన్‌లైన్‌లో అమ్మేవారు ప్రతి వస్తువు కింద శాస్త్రీయ నామం, నరికిన దేశం, తోటదో అడవిదో, సర్టిఫికెట్ కోడ్ రాయాలి. సరుకు లాట్ మారితే వివరం కూడా మార్చాలి. పాత ఫొటో, పాత కోడ్ అలాగే ఉండిపోవడం తరచూ జరిగే పొరపాటు. 'టేకు ఫినిష్' అంటే పాలిష్ రంగు మాత్రమే, లోపల రబ్బరుచెక్క ఉండొచ్చు. 'షీషమ్' అన్నా చాలదు. సిస్సూ, రోజ్‌వుడ్ రెండూ డాల్బెర్జియా అనే ఒకే ప్రజాతి చెట్లు. 2017 జనవరి 2 నుంచి ఆ ప్రజాతి మొత్తం సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) నియంత్రణలో ఉంది, కాబట్టి విదేశాలకు పంపే ముందే ఏ జాతో తేల్చుకోవాలి.