సీఎంఎల్ మాత్రలు, మతిమరుపు: అపోహలు - వాస్తవాలు

2001లో ఇమాటినిబ్ అనే మాత్ర వచ్చాక సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా) అనే రక్తక్యాన్సర్ రోజూ మాత్ర వేసుకుంటూ ఏళ్ల తరబడి బతకగలిగే జబ్బుగా మారింది. మన దేశంలో ఇది ఎక్కువగా 35-40 ఏళ్ల ప్రాంతంలోనే బయటపడుతోంది. ఉద్యోగం, సేద్యం, పిల్లల చదువులు అన్నీ నెత్తిమీద ఉండే వయసు అది. రక్త రిపోర్టులు బాగుంటాయి. మనిషికి మాత్రం మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. గదిలోకి ఎందుకొచ్చారో గుర్తుండదు, వేసిన లెక్కే మళ్లీ వేసుకోవాల్సి వస్తుంది. రద్దీ ఓపీలో డాక్టరు దీని గురించి అడగడు, రోగీ చెప్పడు. చెప్పకపోవడానికి కారణం చాలాసార్లు కింద ఉన్న అపోహల్లో ఒకటి.

అపోహ: ఇది కీమో కాదు, గోలీయే కదా. మతిమరుపు అంతా మనసులోని భయమే.

భయం ఒక కారణం కావచ్చు, కానీ అంతా భయమే అనడం తప్పు. ఈ మాత్రలు వాడేవాళ్లు చెప్పే బాధల్లో నీరసానిది ముందు వరస. తల తిరగడం, చూపు మసకబారడం, మగత ఉండవచ్చని, బండి నడిపేటప్పుడు, యంత్రాల దగ్గర జాగ్రత్త అని ఇమాటినిబ్ పెట్టెలోని కాగితంలోనే రాసి ఉంటుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే చాలామందికి మార్కులు మామూలుగానే వస్తాయి. ఫోన్లు మోగే ఆఫీసులో, నలుగురు మాట్లాడే దుకాణంలో అదే మనిషి తడబడతాడు. పరీక్షలో బాగా చేశారు కాబట్టి ఏమీ లేదని తేల్చేయకూడదు. ఎక్కువగా దెబ్బతినేవి ఏకాగ్రత, వేగం. విన్నప్పుడే మాట మనసులో పడకపోతే తర్వాత గుర్తు రావడానికి ఏముంటుంది?

అపోహ: మందు మెదడును తినేస్తోంది, రేపు అల్జీమర్సే.

ఇమాటినిబ్ మెదడులోకి చేరేది చాలా తక్కువ. రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే అడ్డుగోడ దాన్ని బయటికే నెట్టేస్తుంది. తేడా ఇంట్లోవాళ్లు గమనించవచ్చు. మందుల మీద ఉన్న మనిషి పేరు మర్చిపోతాడు, మొదటి అక్షరం అందిస్తే చెప్పేస్తాడు, మర్చిపోయానని తనే బాధపడతాడు. అడిగిన ప్రశ్నే పది నిమిషాల్లో మళ్లీ అడగడం, రోజూ వెళ్లే దారి తప్పడం, మర్చిపోతున్న సంగతే తెలియకపోవడం వేరు. అప్పుడు న్యూరాలజిస్టును కలవాలి.

అపోహ: మందు వల్లే కాబట్టి చేయగలిగింది ఏమీ లేదు.

మా దృష్టిలో ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. మాత్ర మీద నేరం మోపేశాక మిగతా కారణాలను ఎవరూ వెతకరు. వాటిలో చాలావాటికి మందు ఉంది.

మొదట హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడాలి. ఈ జాతి మందులతో థైరాయిడ్ అటూ ఇటూ కావచ్చు. థైరాయిడ్ గ్రంథి తీసేసి థైరాక్సిన్ వాడుతున్నవాళ్లకు ఇమాటినిబ్ మొదలుపెట్టాక ఆ మాత్ర మోతాదు పెంచాల్సి రావచ్చు. షుగర్, సోడియం, కిడ్నీ, లివర్ పరీక్షలు ఎలాగూ చేస్తారు, వాటితోపాటు ఫాస్ఫేట్ కూడా అడగండి. ఇమాటినిబ్ దాన్ని తగ్గించగలదు, అది పడిపోతే కండరాల్లో సత్తువ ఉండదు. ఇదే జాతికి చెందిన నిలోటినిబ్ వాడేవాళ్లలో షుగర్ పెరగవచ్చు.

బీ12 దగ్గర ఒక మెలిక ఉంది. సీఎంఎల్ ముదిరి ఉన్నప్పుడు తెల్లకణాలు బీ12ను పట్టుకునే ప్రొటీన్‌ను ఎక్కువగా వదులుతాయి, అందుకని రిపోర్టులో బీ12 ఆకాశంలో ఉంటుంది. జబ్బు బయటపడిన రోజుల్లో తీసిన ఆ రిపోర్టు చూసి ‘నాకు బీ12 దండిగా ఉంది’ అనుకోవద్దు. కణాల లెక్క అదుపులోకి వచ్చాక మళ్లీ చేయించాలి. శాకాహారులు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ గానీ గ్యాస్‌కు పాంటాప్రజోల్ గానీ ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు తప్పక చేయించాలి.

తర్వాత ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టండి. దురదకో జలుబుకో వేసుకునే అవిల్, నరాల నొప్పికి ప్రీగాబాలిన్, నిద్రకు ఆల్ప్రాజోలామ్... ఒక్కొక్కటే తలను మొద్దుబార్చగలవు. ఆల్ప్రాజోలామ్‌ది ఇంకో సమస్య. దాన్ని లివర్‌లో కరిగించే ఎంజైమును ఇమాటినిబ్ నెమ్మదింపజేస్తుంది. పాత మోతాదే వేసుకున్నా మగత మర్నాటి మధ్యాహ్నం దాకా లాగవచ్చు. అయితే రోజూ వాడేవాళ్లు దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. గురక ఉంటే నిద్ర పరీక్ష, రెండు వారాలకు మించి దిగులు ఉంటే దానికి వైద్యం. మన ఇళ్లలో ఈ రెండోదాన్ని ఒప్పుకోవడమే కష్టం.

రెండు వారాల పాటు ఒక నోటుబుక్కులో నాలుగే గళ్లు రాయండి: ఎప్పుడు పడుకున్నారు, మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు, తల ఏ గంటల్లో మబ్బుగా ఉంది, ఆ రోజు ఏం మర్చిపోయారు. ‘మతిమరుపుగా ఉంది సార్’ అనే మాట కంటే ఈ కాగితం డాక్టరుకు ఎంతో ఎక్కువ చెబుతుంది. ఇమాటినిబ్ పొద్దున వేసుకుని పదింటికల్లా తూగుతున్నారని తేలితే రాత్రి భోజనానికి మార్చవచ్చు. అలా మార్చినప్పుడు పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వెంటనే నడుం వాల్చకూడదు. నిద్రకు రెండు గంటల ముందే భోజనం ముగిస్తే గొంతులో, ఛాతీలో మంట ఉండదు.

అపోహ: వారానికి రెండు రోజులు మాత్ర మానితే తల తేలికవుతుంది, జబ్బుకేమీ కాదు.

లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రిలో 87 మంది రోగుల మందు సీసాలకు, మూత తీసిన ప్రతిసారీ లెక్కపెట్టే ఎలక్ట్రానిక్ మూతలు పెట్టి మూడు నెలలు గమనించారు. 2010లో వచ్చిన ఫలితం ఇది: 90 శాతానికి మించి మాత్రలు వేసుకున్నవాళ్లలో జబ్బు (రక్తంలో ఇంకా ఎంత మిగిలిందో పీసీఆర్ పరీక్ష కొలుస్తుంది) 0.1 శాతం అనే గీత కిందికి దిగే అవకాశం 94 శాతం, అంతకంటే తక్కువ వేసుకున్నవాళ్లలో 28 శాతం. 80 శాతమో అంతకు తక్కువో వేసుకున్నవాళ్లలో ఒక్కరికీ జబ్బు ఆ గీత కిందికి దిగలేదు. 90 శాతం అంటే నెలలో మూడు మాత్రలు తప్పడం. వారానికి రెండు రోజులు మానితే 71 శాతం దగ్గర ఉంటారు. ఇమాటినిబ్ సగం ఖర్చైపోవడానికి పట్టేది సుమారు 18 గంటలే, దాచుకుని వాడుకునే మందు కాదది.

బాధ నిజంగా భరించలేకపోతే అధికారికంగానే దారి ఉంది. బ్రిటన్‌లో జరిగిన డెస్టినీ అధ్యయనంలో కనీసం మూడేళ్లు మందు వాడి, ఏడాదికి పైగా పీసీఆర్ నిలకడగా ఉన్నవాళ్లకు మోతాదు సగం చేశారు: ఇమాటినిబ్ 400 నుంచి 200 మిల్లీగ్రాములకు, అదే జాతి మందు డాసాటినిబ్ 100 నుంచి 50కి. నెలనెలా పీసీఆర్ చూస్తూ చేశారు. మొదటి మూడు నెలల్లోనే నీరసంతో సహా చాలా దుష్ప్రభావాలు తగ్గాయి. ‘నాకు ఇది కుదురుతుందా?’ అని అడగడం మీ హక్కు. చెప్పకుండా మానేస్తే మాత్రం, పీసీఆర్ పెరిగినప్పుడు మందు పనిచేయట్లేదనుకుని డాక్టరు ఇంకా గట్టి మందుకు మారుస్తారు.

మర్చిపోయి తప్పడం ఇంకో సంగతి. మతిమరుపు ఉన్నవాళ్లు మాత్రను జ్ఞాపకానికి వదిలేయకూడదు. ఏడు గళ్ల మాత్రల డబ్బా ఆదివారం నింపుకోండి, లేదా స్ట్రిప్పు వెనక మార్కరుతో ఒక్కో మాత్రకు తేదీ రాయండి. గళ్లు, తేదీలు చూస్తే వేసుకున్నదీ లేనిదీ తెలిసిపోతుంది. అలారం మోగితే మాత్ర మింగాకే ఆపండి, ‘ఒక్క నిమిషం’ అని ఆపేసిన అలారమే కొంప ముంచేది. అరగంట తర్వాత ఇంకో అలారం ఇంట్లోవాళ్ల ఫోనులో. వేసుకున్నారో లేదో తేల్చుకోలేకపోతే ఆ రోజుకు వదిలేయండి, రెండు మాత్రలు కలిపి మాత్రం వద్దు. నెలకు సరిపడా మందు తెచ్చుకునేవాళ్లు పది రోజుల మందు మిగిలి ఉండగానే తర్వాతి నెలది చూసుకోవాలి. పండగలకు ఊరెళ్లినప్పుడు తప్పే మాత్రలు ఎక్కువ.

నిలోటినిబ్ వాడేవాళ్లకు ఇంకా కష్టం. రోజుకు రెండుసార్లు, 12 గంటల తేడాతో, రెండు గంటల ముందు నుంచి ఒక గంట తర్వాత దాకా ఏమీ తినకూడదు. పాల టీ కూడా తిండి కిందే లెక్క, మంచినీళ్లు తాగవచ్చు. పొద్దున, సాయంత్రం ఏడింటికి పెట్టుకుంటే పొద్దుటి టీ ఎనిమిదింటికి, సాయంత్రం చిరుతిండి ఐదింటిలోపు, రాత్రి భోజనం ఎనిమిది తర్వాత.

అపోహ: హైదరాబాద్ జెనరిక్ మందుతోనే మతిమరుపు, కంపెనీ మందుతో రాదు.

రెండింట్లోనూ ఉన్నది ఇమాటినిబ్ మెసైలేటే. ఇమాటినిబ్‌ను మొదట తెచ్చిన నొవార్టిస్ కంపెనీ పేటెంట్ కేసును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న కొట్టేసింది. హైదరాబాద్ నాట్కో వాళ్ల జెనరిక్ వీనాట్ అంతకు పదేళ్ల ముందు నుంచే ఉంది. బ్రాండు మారినా మారకపోయినా మూడు నెలలకోసారి పీసీఆర్ మాత్రం తప్పనివ్వొద్దు.

అపోహ: బ్రెయిన్ టానిక్, మూలికా లేహ్యం వేస్తే సరి.

ఇమాటినిబ్‌ను కరిగించే ఎంజైముతో చాలా మూలికలు కలబడతాయి. మందు స్థాయి పడిపోతే జబ్బు తిరగబడుతుంది, పెరిగిపోతే వాపులు, వాంతులు. సీసా మీద ఏం రాసి ఉన్నా లోపల ఉన్నవేంటో ముందు ఫార్మసిస్టుకు చూపించాలి. కోస్తాలో పెరటి చెట్టుకు కాసే పంపర పనసకూ ఇదే వర్తిస్తుంది, అది మందు స్థాయిని పెంచగలదు. ద్రాక్షకు ఇబ్బంది లేదు.

ఫోనులో జ్ఞాపకశక్తి ఆటలు ఆడితే ఎక్కువగా మెరుగయ్యేది ఆ ఆటే. దానికంటే వారానికి ఐదు రోజులు అరగంట వేగంగా నడవడం మేలు, క్యాన్సర్ నీరసానికి ఇంత గట్టి ఆధారాలున్న మార్గాలు తక్కువ. లెక్కలు, సంతకాలు తల తేటగా ఉండే గంటల్లో పెట్టుకోండి, ఒకసారికి ఒకే పని. పొయ్యి మీద ఏదైనా పెట్టిన వెంటనే ఫోనులో టైమర్. తాళాలకు, కళ్లద్దాలకు ఒకే చోటు. పొలంలో పురుగుమందు కొలిచేటప్పుడు పక్కన రెండో మనిషి ఉండి కొలత పైకి చెప్పాలి. కొత్త మందు మొదలైన వారాల్లో రాత్రి బండి నడపకపోవడం మంచిది.

అపోహ: ఏ తికమక వచ్చినా మందు వల్లేలే, వచ్చే ఓపీలో చెబుదాం.

నెలల తరబడి మెల్లగా ఉన్న మతిమరుపు ఓపీ దాకా ఆగుతుంది. ఒక్కసారిగా వచ్చింది ఆగదు. మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దకావడం, మూర్ఛ, ఎన్నడూ లేనంత తలనొప్పితో వాంతులు, జ్వరంతో పొంతన లేని మాటలు: వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి. ప్లేట్‌లెట్లు పడిపోతే తలలో రక్తస్రావం కావచ్చు. నిలోటినిబ్, అదే జాతి పొనాటినిబ్ రక్తనాళాలను మూసేయగలవు. సీఎంఎల్ కాకుండా, వేగంగా ముదిరే అక్యూట్ లుకేమియా ఉన్న పిల్లల్లో వెన్నులోకి మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఇచ్చిన 2 నుంచి 14 రోజుల్లో పక్షవాతంలాంటి లక్షణాలు రావచ్చు, ఆస్పరజినేజ్ అనే ఇంకో మందుతో మెదడు సిరల్లో గడ్డకట్టవచ్చు. పెద్ద మోతాదులో సైటారబీన్ అనే కీమో మందు ఎక్కుతున్నప్పుడు చేతిరాత వంకర పోయినా, నడక తూలినా తర్వాతి డోసు పెట్టకముందే నర్సుకు చెప్పాలి.

పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉండే గడువు నాలుగున్నర గంటలు. ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే చెప్పాల్సినవి మూడు: లక్షణం మొదలైన సమయం, వాడుతున్న లుకేమియా మందు పేరు, చివరి ప్లేట్‌లెట్ల సంఖ్య. ఆ మూడూ రాసిన కాగితం పర్సులో ఉంచి, సంఖ్యను ప్రతి రిపోర్టుకూ మార్చుకుంటూ ఉండండి.