ఫొటోలో కనిపించని నొప్పి

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వెళ్తే మిర్చి యార్డు కనబడకముందే దగ్గు మొదలవుతుంది. బస్తాలు మోసే హమాలీలకు, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ చేన్లలో రోజంతా కాయ ఏరే ఆడవాళ్లకు ఆ ఘాటు అలవాటే. చేతుల మంటకు మాత్రం ఎవరూ అలవాటు పడరు. మన చపాట మిర్చికి రంగెక్కువ, ఘాటు తక్కువ కాబట్టి కొంత నయం. తేజ రకం ఏరినవాళ్లకు రాత్రి అన్నం కలుపుకోవాలన్నా వేళ్లు భగ్గుమంటాయి. నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా పోదు, మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు కాబట్టి. నూనె రాసి సబ్బుతో కడిగితే కొంచెం తగ్గుతుంది. ఇంత మంట పెట్టిన ఆ చేతుల్ని తిప్పి చూస్తే కాలిన గాయమంటూ ఏదీ ఉండదు. మహా అయితే కాస్త ఎర్రబడి ఉంటాయి.

గాయం లేకుండా అంత మంట ఎక్కడి నుంచి వచ్చింది? 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం దీనికి జవాబు కనిపెట్టింది. నొప్పిని మోసుకెళ్లే నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. దాదాపు 43 డిగ్రీల వేడి తగిలితే అది తెరుచుకుని, కాలుతోందని కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ తగిలినా అదే తెరుచుకుంటుంది, అదే కబురు వెళ్తుంది. నిప్పుకూ మిర్చికీ ఆ నరానికి తేడా తెలియదు. పక్షుల్లో ఈ ప్రోటీన్ కొంచెం వేరుగా ఉంటుంది, క్యాప్సైసిన్‌కు స్పందించదు. చిలకలు పండు మిరపకాయల్ని హాయిగా కొరుక్కు తినేది అందుకే. ఈ పరిశోధనకు జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. స్పర్శకు సంబంధించిన ప్రోటీన్లను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి ఆయన దాన్ని అందుకున్నారు.

మిర్చి ఏరిన చెయ్యి చెబుతున్నది ఒక్కటే. నొప్పి ఎంత ఉందో గాయమూ అంతే ఉండాలన్న నియమం లేదు. ఏళ్ల తరబడి నడుము నొప్పితోనో మోకాళ్ల నొప్పితోనో బతుకుతున్నవాళ్లకు ఈ మాట ఎవరో ఒకరు ఓపిగ్గా చెప్పాలి. మన ఊళ్లలో చాలామందికి ఎవరూ చెప్పడం లేదు.

కాలికి ముల్లు దిగితే వచ్చే నొప్పి మన మేలు కోరి వచ్చేదే. కాలు వెనక్కి తీస్తాం, ముల్లు తీస్తాం, రెండు రోజుల్లో మరిచిపోతాం. మూడు నెలలు దాటినా పోకుండా ఉంటేనో, పోయి పోయి మళ్లీ వస్తుంటేనో దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2005-06లో చికున్‌గున్యా ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. జ్వరం వారం రోజుల్లో పోయినా, పొద్దున లేచి చెంబు పట్టుకోలేని కీళ్ల నొప్పులు కొందరిని నెలల తరబడి వదల్లేదు. నొప్పి మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పికి నిర్వచనాన్ని సవరించింది. శరీరానికి దెబ్బ తగిలినప్పుడు కలిగే అనుభవమే కాదు, తగలకపోయినా తగిలినట్టే ఉండే అనుభవం కూడా నొప్పే అని అందులో చేర్చింది. ఒక మనిషి తనకు నొప్పి ఉందంటే ఆ మాటను గౌరవించాలని కూడా చెప్పింది.

జగిత్యాల దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మకు ఆ గౌరవం చాలా ఆలస్యంగా దొరికింది. చిన్నప్పటి నుంచీ ఆమె బీడీలే చేసింది. గోడకు ఆనుకుని, కాళ్లు ముడుచుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటుంది. తడిపిన తునికాకును కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, వేళ్ల మధ్య చుట్టి, కొసను గోరుతో లోపలికి మడిచి, దారం చుట్టి తెంపుతుంది. అంతసేపూ మెడ వంగే ఉంటుంది, చూపు చాటలోంచి పైకి లేవదు. వెయ్యి బీడీలయ్యేదాకా అంతే. నలభై దాటాక నడుము పట్టేసింది, తర్వాత నొప్పి పిరుదుల మీదుగా తొడల్లోకి దిగింది. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. "ఫొటోల ఏం లేదంటరు బిడ్డా, నాకేమో పానం పోతున్నది" అని ఏడ్చింది. ఇంకోచోట ఎంఆర్‌ఐ తీసి వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్కులు అరిగిపోయాయన్నారు, వంగొద్దన్నారు, బరువెత్తొద్దన్నారు. ఆ రోజు నుంచి ఆమె బిందె ముట్టుకోలేదు, చీపురు పట్టలేదు. నొప్పి తగ్గలేదు సరికదా, ఏడాదిలో మంచం దిగడమే కష్టమైంది.

నన్నడిగితే ఆమెకు ఎక్కువ నష్టం చేసింది రెండో మాటే. ఏ నొప్పీ లేని 3,110 మంది వెన్నెముక స్కాన్‌లను క్రోడీకరించి 2015లో ఒక అధ్యయనం వెలువడింది. ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కులు అరిగినట్టు కనిపించాయి. యాభై ఏళ్లవాళ్లలో అది 80 శాతం, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం. వీళ్లెవరికీ నడుము నొప్పి లేదని మరిచిపోకూడదు. వయసుతో జుట్టు తెల్లబడుతుంది, డిస్కులు అరుగుతాయి. స్కాన్ అవసరమైన జబ్బులు ఉన్నాయి, వాటి సంగతి కింద చెబుతాను. కానీ అరుగుదల అన్న ఒక్క మాట పట్టుకుని మనిషి కదలడం మానేస్తే కండరాలు బలహీనపడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, కొంచెం కదిలినా నొప్పి లేస్తుంది. దాంతో భయం ఇంకా పెరుగుతుంది.

స్కాన్‌లో కనిపించని చోట జరిగేది ఇంకొకటి ఉంది. నొప్పి కబురు మోసే నరాలు ముందు వెన్నుపాములోకి వెళ్తాయి, అక్కడి నుంచి ఆ కబురు మెదడుకు చేరుతుంది. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఒక విషయం బయటపడింది. గాయం నుంచి కబుర్లు ఎడతెగకుండా వస్తుంటే వెన్నుపాములోని నరకణాల తీరే మారిపోతుంది. చిన్న కబురుకే పెద్దగా స్పందించడం మొదలుపెడతాయి. పెళ్లి పందిట్లో మైకు సౌండ్ మరీ పెంచేస్తే గుసగుస కూడా గీ మని మోగుతుంది చూడండి, అలాంటిదే ఇది. గాయం మానిపోయినా ఆ సౌండ్ దానంతటది తగ్గాలని లేదు. అందుకే కొందరికి చీర కుచ్చిళ్లు రాసుకున్నా కాలు సలుపుతుంది, మొదట నడుములో ఉన్న నొప్పి మెల్లగా వీపంతా పాకుతుంది. ఇది మనసు కల్పించుకున్నది కాదు. నరకణాల్లో జరిగే మార్పు. పని తప్పించుకోవడానికి నాటకమాడుతోందని కోడలినో తల్లినో అనేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

పైకి వెళ్లే కబుర్లే కాదు, మెదడు నుంచి కిందికి వచ్చేవీ ఉన్నాయి. వెన్నుపాములో నొప్పి కబురును ఆపగలిగే, వదలగలిగే ఏర్పాటు ఉందని రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లోనే ప్రతిపాదించారు. మోచేయి తలుపుకు కొట్టుకుంటే వెంటనే రుద్దుకుంటాం కదా. ఆ స్పర్శ నొప్పిని కొంత అడ్డుకుంటుంది. శరీరమే తయారుచేసుకునే ఎండార్ఫిన్‌లు ఇంకా గట్టివి. 1978లో పన్ను పీకించుకున్నవాళ్లకు మందు లేని ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. కొందరికి నొప్పి తగ్గింది. ఎండార్ఫిన్‌లను అడ్డుకునే నాలోక్సోన్ ఇచ్చాక ఆ ఉపశమనం పోయింది. అంటే తగ్గుతుందన్న నమ్మకం ఒంట్లో నిజమైన రసాయనాన్నే కదిలించిందన్నమాట.

సద్దుల బతుకమ్మ రాత్రి దీన్ని కళ్లారా చూడొచ్చు. వేయిస్తంభాల గుడి దగ్గరైనా, పద్మాక్షి గుట్ట దగ్గరైనా, పొద్దున మోకాళ్లు పట్టుకుని మూలిగిన ఆడవాళ్లే ఆ రాత్రి గంటల తరబడి వంగి చప్పట్లు కొడుతూ ఆడతారు. పాట, పక్కన తోటివాళ్లు, ఏడాదికోసారి వచ్చే పండుగ, అన్నీ కలిసి నొప్పిని కిందికి తొక్కేస్తాయి. తెల్లారితే లేవలేరు. ఇంట్లోవాళ్లు "రాత్రి బాగనే ఆడినవ్ గదా" అంటారు. ఆ రాత్రి ఆటా అబద్ధం కాదు, ఈ పొద్దుటి నొప్పీ అబద్ధం కాదు.

పనిలోనూ ఇదే జరుగుతుంది. కొంచెం బాగున్న రోజు వారం పని ఒక్కరోజే చేసేస్తాం, తర్వాత నాలుగు రోజులు పడుకుంటాం. అలా పడుకున్న ప్రతిసారీ ఒంటి శక్తి ఒక మెట్టు దిగుతుంది. దీన్ని తెంచడానికి ఫిజియోథెరపిస్టులు చెప్పే పద్ధతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. నొప్పి లేచేదాకా చూడకూడదు, లేవకముందే ఆగాలి. పావుగంట నడిస్తే నొప్పి లేస్తుందనుకోండి, పది నిమిషాలకే ఆగాలి. బాగున్న రోజూ పదే, బాగాలేని రోజూ వీలైతే పదే. వారం పది రోజులు అలా నిలబడితే ఇంకో నిమిషమో రెండో పెంచాలి. పెంచినప్పుడు కొంచెం నొప్పి లేవొచ్చు. దాని అర్థం లోపల ఏదో తెగిందని కాదు.

ఇక మాత్రల సంగతి. నొప్పి అనగానే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది, మెడికల్ షాపులో గోలీ. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి నాలుగు రోజుల నొప్పికి బాగానే పనిచేస్తాయి. నెలలకు నెలలు మింగితే కడుపులో పుండ్లు, పెరిగే బీపీ, దెబ్బతినే కిడ్నీలు. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట రాబందులు గూళ్లు కట్టుకున్న చోటు. దేశమంతా అవి కుప్పలు తెప్పలుగా చచ్చిపోవడానికి ముఖ్య కారణం ఇదే డైక్లోఫెనాక్. ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని వాటి కిడ్నీలు పాడయ్యాయని తేలాక, 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు, నిజమే. అయినా షుగరు, బీపీ ఉన్నవాళ్లు రోజూ ఆ గోలీలు మింగడం చూస్తే నాకు గుబులుగానే ఉంటుంది.

అంతకంటే ప్రమాదం పేరు లేని పొట్లాలు. పొద్దున వేసుకుంటే సాయంత్రానికి లేచి తిరుగుతున్నామంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అలాగని నెలల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపేయకూడదు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికే తగ్గిపోయి ఉంటుంది, హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావొచ్చు. ఆ పొట్లాలు పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

షుగరు వల్ల వచ్చే అరికాళ్ల మంటలకు, నరాల నొప్పికి వేరే మందులున్నాయి. అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ లాంటివి అసలు డిప్రెషన్‌కు వాడేవి. చీటీ చూసి ఎవరో "ఇవి పిచ్చికి ఇచ్చే గోలీలు" అనగానే చాలామంది ఆపేస్తారు. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగి నొప్పిని తగ్గించే దారులకు ఇవి బలమిస్తాయి, అందుకే రాస్తారు. చెయ్యి మండించే క్యాప్సైసిన్‌తోనే నరాల నొప్పికి పూత మందులు కూడా చేశారు. ఎక్కువ మోతాదులో తగిలితే ఆ నరాల కొసలు కొంతకాలం మొద్దుబారిపోతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, నొప్పి గురించి వివరంగా చెప్పడం, మానసిక చికిత్స లాంటివి మేలంది. నడుముకు బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్, నల్లమందు జాతి మందులు మామూలుగా వద్దంది. క్యాన్సర్ నొప్పి వేరు. అక్కడ మార్ఫిన్ అవసరం, దానికి భయపడకూడదు. నిద్ర గురించీ చెప్పాలి. నిద్ర చెడిన మర్నాడు నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే నిద్ర చెడుతుంది. ముందు నిద్రను పట్టించుకుంటే చాలామందికి కొంత పట్టు దొరుకుతుంది.

కొన్ని సూచనలుంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గడం, మూత్రం మీదో మల విసర్జన మీదో అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడిపోయాక మొదలైన నొప్పి, అంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండటం. స్కాన్ నిజంగా పనికొచ్చేది ఇలాంటప్పుడే.

మా పెద్దమ్మకు చివరికి దారి చూపింది ఒక ఫిజియోథెరపిస్ట్. ఆయన ఫొటోలు పక్కన పెట్టి, "రోజుకు ఎన్ని బీడీలు చేస్తవమ్మా, ఎట్ల కూర్చుంటవు, ఒకసారి చూపియ్" అని అడిగారు. ఆమె అక్కడే నేల మీద కూర్చుని చేసి చూపించింది. ఇప్పుడు ఆకు కత్తిరించడం ఎత్తు పీట మీద కూర్చుని చేస్తుంది. బీడీలు చుట్టేటప్పుడు రెండు కట్టలు కాగానే, నొప్పి ఉన్నా లేకున్నా లేచి వాకిలి దాకా వెళ్లొస్తుంది. బిందె మళ్లీ ఎత్తుతోంది, మొదట పావు బిందెతో మొదలుపెట్టి. నొప్పి పూర్తిగా పోలేదు. పెళ్లిళ్లకు వెళ్తోంది, రాత్రి నిద్రపోతోంది.

కానీ రెండు కట్టలకోసారి లేస్తే వెయ్యి బీడీలు పూర్తి కావు, కూలీ లెక్క ఏమో వెయ్యికి. ఆమె అలా లేవగలిగింది బీడీ కార్మికులకు ఇచ్చే ఆసరా పింఛను ఉండబట్టే, 2019లో అది నెలకు 2,016 రూపాయలైంది. అదే వాడలో పీఎఫ్ ఖాతా లేక పింఛను రాని ఆడవాళ్లు వెయ్యి పూర్తయ్యేదాకా లేవరు. వాళ్ల నడుముకు ఏ వ్యాయామం చెప్పాలన్నా ముందు ఆ వెయ్యి లెక్క గురించి మాట్లాడాలి.