క్యాన్సర్‌తో బతుకుతున్నవాళ్ల గురించి మనకున్న అపోహలు - వాస్తవాలు

కీమో డే కేర్‌లో (క్యాన్సర్ మందు ఎక్కించుకుని అదే రోజు ఇంటికెళ్లే వార్డు) నర్సుగా పనిచేస్తున్నాను. ఈ మాటలు పేషెంట్ల నోట కంటే వాళ్లను చూడ్డానికి వచ్చే చుట్టాల నోటే ఎక్కువగా వింటుంటాను, అందుకే ముఖ్యంగా వాళ్ల కోసం రాస్తున్నా.

అపోహ: ధైర్యంగా ఉంటే సగం జబ్బు తగ్గిపోతుంది.

మంచి మనసుతోనే అంటారు. కానీ గడ్డను కరిగించేది మందు, ఆపరేషన్, రేడియేషన్ (మనవాళ్లు కరెంట్ పెట్టడం అంటారే, అది). ధైర్యం వల్ల గడ్డ కరుగుతుందని ఎవరూ తేల్చలేదు. ఈ మాట విని విని, స్కాన్‌లో జబ్బు పెరిగిందని తెలిసిన రోజు "నేనే గట్టిగా ఉండలేకపోయానేమో సిస్టర్" అని తమను తామే తిట్టుకుంటారు, అది నేను చూడలేను. ఏడుపొస్తే ఏడవనివ్వండి.

అపోహ: యువరాజ్ సింగ్‌కి తగ్గింది కదా, మనకూ తగ్గుతుంది.

2011 వరల్డ్ కప్‌లో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అయిన మనిషి, 2012లో అమెరికాలో కీమో చేయించుకుని అదే ఏడాది సెప్టెంబరులో మళ్లీ భారత జట్టుకు ఆడాడు. ఎంత చెప్పుకున్నా తక్కువే. అయితే ఆయనకు వచ్చింది ఛాతీలో, రెండు ఊపిరితిత్తుల నడుమ పుట్టిన జెర్మ్ సెల్ ట్యూమర్, కీమోకు బాగా లొంగే రకం. పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్ ఉన్నాయనకు ఆ లెక్క కుదరదు. యువరాజ్ గురించి చెప్పండి, పోలిక మాత్రం పెట్టకండి.

అపోహ: పూర్తిగా తగ్గినవాళ్లే నలుగురికీ స్ఫూర్తి.

డాక్సోరూబిసిన్ అని రొమ్ము క్యాన్సర్‌కు తరచుగా ఇచ్చే మందు ఎర్రగా ఉంటుంది, వార్డులో అందరికీ అది ఎర్ర మందే. మొదటి సైకిల్‌కి (విడతకి) వచ్చినవాళ్లకు మేం అన్నీ ముందే చెబుతాం కానీ ఆ టెన్షన్‌లో ఏదీ తలకెక్కదు. అదే పక్క కుర్చీలో ఒకావిడ స్కార్ఫ్ సర్దుకుంటూ, "ఇంటికెళ్లాక మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకోకమ్మా, ఒకట్రెండు రోజులు మందు రంగే అలా వస్తది. జుట్టు రెండు మూడు వారాల్లో ఊడుద్ది, ముందే పొట్టిగా కత్తిరించుకో, దిండు మీద చూసి బెంగపడకుండా ఉంటావు" అంటే కొత్తావిడ తల ఎత్తి వింటుంది, తిరిగి ప్రశ్నలు అడుగుతుంది. ఆ చెప్పినావిడ జబ్బు అప్పటికే ఎముకలకు పాకింది, పూర్తిగా తగ్గదని ఆమెకూ తెలుసు. అయినా వేళకు వస్తుంది, మందు ఎక్కించుకుంటుంది, వెళ్లి పిల్లలకు వండి పెడుతుంది. నేను చూసిన స్ఫూర్తి ఎక్కువగా ఇలాంటిదే.

నటి హంసా నందిని 2021 డిసెంబరులో గుండుతో ఉన్న ఫొటో పెట్టి, తనకు రొమ్ము క్యాన్సర్ అని, బీఆర్‌సీఏ1 జన్యుమార్పు (తల్లిదండ్రుల నుంచి వచ్చి, ఈ జబ్బు ముప్పు పెంచేది) ఉందని చెప్పినప్పుడు ఇంకా చికిత్సలోనే ఉంది. తల్లికో పిన్నికో ఈ జబ్బు వచ్చిన ఆడపిల్లలకు జన్యు పరీక్ష గురించి డాక్టర్‌ని అడగొచ్చని అలా తెలుస్తుంది.

అపోహ: పేషెంట్‌కి చెప్పకూడదు, తట్టుకోలేరు.

చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. కీమో తర్వాత ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి రావాలి. తనకు ఎక్కించింది బలం మందు అనుకునే మనిషి పారాసిటమాల్ వేసుకుని పడుకుంటుంది. ఆ ఒక్క రాత్రి ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

అంటుకుంటుందా? అంటుకోదు. ప్లేటూ గ్లాసూ వేరు చేయకండి.

అపోహ: పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధలు తగ్గించే వైద్యం) అంటే చేతులెత్తేయడం.

2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, చికిత్సతో పాటు మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ అందినవాళ్లకు దిగులు తగ్గింది, పైగా ఇంకొంత ఎక్కువ కాలం బతికారు. అలవాటవుతుందని, నొప్పికిచ్చే మార్ఫిన్ మాత్ర దాచిపెట్టే ఇళ్లున్నాయి, దయచేసి అలా చేయకండి, డాక్టర్ చెప్పిన మోతాదులో, చెప్పిన టైముకి ఇవ్వండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలోనూ పాలియేటివ్ విభాగం ఉంది. నొప్పి భరించలేని దాకా ఆగకుండా, చికిత్స మొదలైనప్పుడే మీ డాక్టర్‌ని దీని గురించి అడగండి.